ఫారెక్స్ బ్రోకరుకు రూపాయి పంపే ముందు

బూర్గంపాడు చుట్టుపక్కల డబ్బు నెలనెలా సమంగా రాదు. పత్తి అమ్మినప్పుడు కొంత, మిర్చి ఖమ్మం మార్కెట్‌కు వెళ్లొచ్చాక కొంత వస్తుంది. జామాయిల్, సుబాబుల్ వేసిన రైతుకు ఏళ్ల తరబడి ఎదురుచూశాక, కోత కోసి సారపాక పేపర్ మిల్లుకు తోలిన తర్వాత ఒక్కసారిగా వస్తుంది. మిల్లులో రిటైరైనవాళ్లకు పీఎఫ్, గ్రాట్యుటీ కలిసి ఖాతాలో పడతాయి. ఇలా ఒక్కసారిగా చేతికొచ్చే డబ్బు మీదే ఫారెక్స్ ఏజెంట్ల కన్ను. వానాకాలంలో గోదావరి, కిన్నెరసాని రెండూ పొంగి మమ్మల్ని చుట్టుముట్టినా, ఫోన్‌లోకి వచ్చే వాళ్ల మెసేజ్‌లు మాత్రం ఆగవు. ‘డాలర్ ట్రేడింగ్ చేయండి, రోజుకు రెండు శాతం, మీ డబ్బు మీ ఖాతాలోనే ఉంటుంది’ అంటారు.

నా ఉద్యోగమంతా బ్యాంకు కౌంటరు వెనకే గడిచింది. రిటైరయ్యాక కూడా ఊళ్లో పిల్లలూ పెద్దలూ ఫోన్ పట్టుకొచ్చి ‘ఈ యాప్ మంచిదేనా చూడండి’ అని అడుగుతూనే ఉంటారు. అలా చూసిచూసి నాకు తేలిన సంగతులు ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఎక్కువ చెప్పాల్సిన చోట ఎక్కువే చెప్పాను, ఓపిగ్గా చదవండి.

1. ముందు చట్టం, తర్వాతే బ్రోకరు

అందరూ ‘వాడు మంచివాడేనా, డబ్బు తిరిగిస్తాడా’ అని అడుగుతారు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మన దేశంలో నివసించే మనిషి ఆ వ్యాపారం చేయడానికి చట్టం ఒప్పుకుంటుందా?

విదేశీ మారకం వ్యవహారాలన్నిటికీ 1999 నాటి ఫెమా చట్టం ఉంది. 2000 జూన్ 1 నుంచి అది అమల్లో ఉంది. దాని ప్రకారం డాలరు గానీ యూరో గానీ కొనడం, అమ్మడం రిజర్వు బ్యాంకు అధికారం ఇచ్చిన సంస్థలతోనే జరగాలి. అదీ అనుమతి ఉన్న అవసరాలకే. ఇక ఆన్‌లైన్‌లో కరెన్సీ ట్రేడింగ్ అంటారా, దానికి రెండే దారులున్నాయి. ఒకటి రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన ఎలక్ట్రానిక్ వేదికలు. రెండోది గుర్తింపు ఉన్న స్టాక్ ఎక్స్ఛేంజీలు, అంటే ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ, మెట్రోపాలిటన్ స్టాక్ ఎక్స్ఛేంజ్. ఈ సంగతినే 2022 ఫిబ్రవరి 3న రిజర్వు బ్యాంకు పత్రికా ప్రకటన ఇచ్చి మరీ జనానికి గుర్తు చేసింది. సైప్రస్‌లోనో దుబాయ్‌లోనో ఏదో ద్వీపంలోనో కూర్చుని మనకు యాప్ లింకు పంపే కంపెనీ ఈ రెండు దారుల్లో దేనిలోనూ లేదు.

కాస్త చదువుకున్న ఏజెంటైతే ఇక్కడ ఒక మెలిక పెడతాడు. ‘ఏడాదికి 2,50,000 డాలర్లు బయటికి పంపుకోవచ్చని రిజర్వు బ్యాంకే చెప్పింది కదా సార్’ అంటాడు. ఆ పథకం ఉన్న మాట నిజమే. పిల్లల చదువుకు, వైద్యానికి, ప్రయాణానికి, విదేశీ షేర్లలో పెట్టుబడికి అది పనికొస్తుంది. విదేశీ ఎక్స్ఛేంజీలకో విదేశీ బ్రోకర్లకో మార్జిన్ డబ్బు, అంటే ట్రేడింగ్‌కు ముందుగా పెట్టే పూచీ సొమ్ము, కట్టడానికి మాత్రం ఆ పథకంలో అనుమతి లేదు. ఏజెంటు మొదటి సగం చెప్పి రెండో సగం మింగేస్తాడు.

అనుమతి లేని వేదికలో ట్రేడింగ్ చేసినవాడి మీద కూడా ఫెమా కింద చర్య తీసుకోవచ్చు. సెక్షన్ 13 ప్రకారం జరిమానా, లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల దాకా వెళ్లొచ్చు. డబ్బు పోయినా నోరు విప్పని కుటుంబాలు ఎన్నో ఉండటానికి ఈ భయమూ ఒక కారణం. మోసగాడికి కావలసిందీ అదే.

2. మన ఎక్స్ఛేంజీలోనూ అందరికీ చోటు లేదు

‘అయితే ఎన్‌ఎస్‌ఈలోనే చేస్తాం’ అని కొందరు అడుగుతారు. ఎన్‌ఎస్‌ఈలో డాలరు, రూపాయి ఫ్యూచర్స్ 2008 ఆగస్టు 29న మొదలయ్యాయి. ఒక కాంట్రాక్టు అంటే 1,000 డాలర్లు. చాలా ఏళ్లపాటు సరదాకో జూదంలాగో అందులోకి దిగినవాళ్లూ ఉన్నారు.

రిజర్వు బ్యాంకు 2024 జనవరి 5న ఇచ్చిన ఆదేశం దీనికి గట్టిగా గీత గీసింది. ముందు ఏప్రిల్ 5 నుంచి అన్నారు, తర్వాత మే 3కు వాయిదా వేశారు. దాని ప్రకారం రూపాయితో ముడిపడిన కరెన్సీ కాంట్రాక్టు తీసుకునేవాడికి నిజంగానే విదేశీ మారకంలో రావాల్సిందో ఇవ్వాల్సిందో ఉండాలి. 10 కోట్ల డాలర్ల వరకు కాగితాలు చూపించనక్కర్లేదు గానీ, ఆ అవసరం మాత్రం ఉండి తీరాలి. మిర్చి ఎగుమతి చేసే వ్యాపారికి అది ఉంటుంది. యంత్రాలు దిగుమతి చేసుకునే ఫ్యాక్టరీకి ఉంటుంది. మన మండలంలో పత్తి పండించే రైతుకు, మిల్లులో షిఫ్టు డ్యూటీ చేసే కుర్రాడికి ఎక్కడినుంచి వస్తుంది?

కాబట్టి మాలాంటి ఊళ్లలో నూటికి తొంభై మంది విషయంలో విచారణ ఈ రెండో పాఠంతోనే ముగిసిపోవాలి. బ్రోకరు ఎంత నిఖార్సైనవాడైనా, ఆ వ్యాపారంతో మనకు పని లేదు. మిగతా పాఠాలు రాస్తున్నానంటే, ఈ మాట చెప్పాక కూడా వినని వాళ్లు ఉంటారని తెలుసు గనుక.

3. అలర్ట్ జాబితాలో పేరు లేదంటే మంచివాడని కాదు

అనుమతి లేని ఫారెక్స్ వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 7న ఒక అలర్ట్ జాబితా పెట్టింది. అప్పుడు అందులో 34 పేర్లున్నాయి. 2024 అక్టోబరు నాటికి 88 అయ్యాయి. రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. బ్రోకర్ల పేర్లే కాదు, వాటికి ప్రచారం చేసేవాళ్లు, ‘శిక్షణ ఇస్తాం, సలహా ఇస్తాం’ అనేవాళ్ల పేర్లు కూడా తర్వాత తర్వాత చేర్చారు.

చూసేవాళ్లు చాలామంది ఈ జాబితాను తలకిందులుగా చదువుతారు. తమ బ్రోకరు పేరు వెతికి, కనపడకపోతే ‘హమ్మయ్య’ అనుకుంటారు. ఆ జాబితా సంపూర్ణం కాదని రిజర్వు బ్యాంకే దాని కింద రాసింది. ఈ రోజు ఒక పేరు చేరిస్తే రేపు ఒక అక్షరం మార్చి కొత్త వెబ్‌సైట్ తెరుస్తారు. అనుమతి ఉన్నవాళ్ల జాబితా వేరే ఉంది, అదీ రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఉంది. పేరు వెతకాల్సింది అందులో. అక్కడ ఉంటేనే మాట్లాడదాం. అక్కడా లేక, ఇక్కడా లేకపోతే, అనుమతి లేనట్టే లెక్క.

ప్రకటనల హంగు చూసి మోసపోకండి. ఆక్టాఎఫ్ఎక్స్ అనే పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఐపీఎల్ జట్టుతో ఒప్పందం చేసుకుని మరీ ప్రచారం చేసుకుంది. అలర్ట్ జాబితాలో దాని పేరుంది. మనీ లాండరింగ్ చట్టం కింద దాని మీద ఈడీ కేసు పెట్టి, కోట్ల రూపాయల ఆస్తులు జప్తు చేసింది. టీవీలో కనిపించినవాడికల్లా ఇక్కడ వ్యాపారం చేసే అనుమతి ఉందనుకుంటే ఎట్లా?

4. విదేశీ లైసెన్సు మనకు రక్ష కాదు

‘మాకు లండన్ లైసెన్సు ఉంది, ఆస్ట్రేలియా లైసెన్సు ఉంది’ అని ఒక నంబరు చూపిస్తారు. ఆ నంబరు దొంగదైతే సరే, నిజమైనదే అనుకుందాం. లండన్‌లోని నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ ఇచ్చిన అనుమతి అక్కడి జనానికి. దాని బలంతో బూర్గంపాడులో ఉన్నవాడి దగ్గర డిపాజిట్ తీసుకునే హక్కు రాదు. పైగా ఇలాంటి కంపెనీలు మన దేశం వాళ్ల ఖాతాల్ని లండన్ కంపెనీ కింద తెరవవు. ఏదో చిన్న ద్వీపంలో రిజిస్టరైన పిల్ల కంపెనీ కింద తెరుస్తాయి. ఒప్పందం కాగితంలో అడుగున చిన్న అక్షరాల్లో ఆ పేరు ఉంటుంది. సెయింట్ విన్సెంట్ అండ్ గ్రెనడీన్స్ అని కనిపిస్తే అక్కడే ఆగిపోండి. తాము ఫారెక్స్ ట్రేడింగ్‌కు లైసెన్సులు ఇవ్వనే ఇవ్వమని ఆ దేశపు ఆర్థిక నియంత్రణ సంస్థే బహిరంగంగా ప్రకటించింది. ఉన్నది కంపెనీ రిజిస్ట్రేషన్ మాత్రమే, దాన్నే లైసెన్సుగా చూపిస్తారు.

5. వాళ్లు పంపిన కాగితాన్ని చూడొద్దు, ఇచ్చినచోటికి వెళ్లి చూడండి

బ్యాంకులో మాకు మొదట నేర్పిన పని ఇదే. ఒకరు డ్రాఫ్టు తెస్తే, దాని మీద ముద్ర ఎంత అందంగా ఉన్నా, ఇచ్చిన శాఖను అడిగి నిర్ధారించుకోవాలి. షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పేరుతో వచ్చే సర్టిఫికెట్ విషయంలోనూ అంతే. వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్ మీద సింహాల ముద్ర, సంతకం, హోలోగ్రామ్ బొమ్మ అన్నీ ఉంటాయి. అవి ఏ కంప్యూటర్‌లోనైనా పావుగంటలో తయారవుతాయి.

మీరే స్వయంగా ఫోన్‌లో సెబీ డాట్ గవ్ డాట్ ఇన్ అని టైపు చేసి వెళ్లండి, పంపిన లింకు నొక్కొద్దు. అక్కడ రిజిస్టరైన మధ్యవర్తుల జాబితా ఉంటుంది. స్టాక్ బ్రోకరు రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్‌జెడ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. నంబరు వెతికి, వచ్చిన వివరాలను ఒక్కొక్కటిగా పోల్చండి. కంపెనీ పూర్తి పేరు అక్షరం తేడా లేకుండా అదేనా? చిరునామా అదేనా? ఈమెయిల్, ఫోన్ నంబరు అవేనా? కరెన్సీ విభాగంలో అనుమతి ఉందా, లేక షేర్లకే ఉందా? ఆ తర్వాత ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో సభ్యుల జాబితాలో కూడా అదే పేరు చూడండి.

నంబరు నిజమే అయినా మోసం ఉండొచ్చు, జాగ్రత్త. పేరున్న నిజమైన బ్రోకరు నంబరునే ఎత్తుకొచ్చి, ఆ కంపెనీ లోగోతో దొంగ యాప్ తయారు చేయడం ఇప్పుడు మామూలైపోయింది. అందుకే సెబీ పేజీలో ఉన్న ఫోన్ నంబరుకు మీరే ఫోన్ చేసి ‘ఈ గ్రూపు మీదేనా, ఈ యాప్ మీదేనా’ అని అడగండి. ఈ పనికి ఎక్కువ సేపు పట్టదు. ‘ఆఫరు ఈ రాత్రికే ముగుస్తుంది’ అని ఏజెంటు తొందరపెట్టేది, మీరు ఆ ఒక్క ఫోను చేయకుండా ఉండాలనే.

6. డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తోంది?

నా లెక్కలో అన్నిటికంటే గట్టి పరీక్ష ఇది. చట్టాలు తెలియకపోయినా, ఇంగ్లీషు రాకపోయినా ఎవరైనా చేయగలిగిన పరీక్ష.

సారపాక నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. మిల్లులో కాంట్రాక్టు పని చేస్తాడు, వాళ్ల నాన్న అందులోనే రిటైరయ్యాడు. ‘బాబాయ్, సెబీ సర్టిఫికెట్ కూడా పంపారు, అంతా పక్కా’ అన్నాడు. సర్టిఫికెట్ పక్కన పెట్టమని, ఫోన్‌పేలో డబ్బు పంపిన చరిత్ర తీయమన్నాను. మొదటిసారి పంపింది ఒక గార్మెంట్స్ షాపు పేరున ఉంది. రెండోది ఏదో ఎంటర్‌ప్రైజెస్. మూడోది ఒక ఆడమనిషి పేరు, సొంత పొదుపు ఖాతా.

‘నాయనా, డబ్బు బ్రోకరుకే పంపావా?’

‘అవును బాబాయ్.’

‘మరి ఇక్కడ బట్టల కొట్టు పేరుందేమిట్రా?’

వాడు ఫోన్ తిప్పి చూసుకున్నాడు. ఆ పేరును అంతకు ముందు చదవలేదట. ప్రతిసారీ గ్రూపులో ‘మేడం’ కొత్త క్యూఆర్ కోడ్ పంపేది, ‘పాత ఖాతా లిమిట్ అయిపోయింది’ అని కారణం చెప్పేది. ఇంకో సంగతి కూడా బయటపడింది. డబ్బు పంపేటప్పుడు వివరం దగ్గర ‘ట్రేడింగ్’ అని రాయొద్దు, ‘ఫ్యామిలీ’ అని రాయండి అని చెప్పారట. ధర్మంగా వ్యాపారం చేసే ఏ బ్రోకరూ మన చేత మన బ్యాంకుకు అబద్ధం చెప్పించడు. ఆ ఒక్క మాట వినగానే నాకు ఇంకేమీ చూడాల్సిన అవసరం కనపడలేదు.

మధ్యలో ఒకసారి వాడికి 1,500 రూపాయలు తిరిగొచ్చాయి. నమ్మకం కుదిరింది దానివల్లే. ఆ డబ్బు కూడా ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఖాతా నుంచి వచ్చింది. ఇలా అద్దెకు తీసుకున్న ఖాతాల్లో తిరిగే డబ్బు చాలాసార్లు మరో బాధితుడిదే అయి ఉంటుంది. ఆ బాధితుడు పోలీసులకు చెబితే, ఆ డబ్బు ఎక్కడెక్కడికి వెళ్లిందో ఆ ఖాతాలన్నీ స్తంభిస్తాయి. లాభం వచ్చిందని మురిసిన మనిషి జీతం ఖాతా కూడా అందులో ఇరుక్కుంటుంది. కుర్రాడు నాలుగోసారి పంపకుండా ఆగాడు. పోయింది రాలేదు, వాళ్ల నాన్న పీఎఫ్ మాత్రం మిగిలింది.

సెబీ దగ్గర రిజిస్టరైన బ్రోకర్లకు 2025 అక్టోబరు 1 నుంచి ప్రత్యేకమైన యూపీఐ ఐడీలు ఇస్తున్నారు. ఎట్ గుర్తుకు ముందు ‘బీఆర్‌కే’ అని, గుర్తు తర్వాత ‘వాలిడ్’ అని, దాని వెంట బ్యాంకు పేరు ఉంటుంది. డబ్బు పంపేచోట ఆకుపచ్చ త్రికోణంలో పైకెత్తిన తెల్ల బొటనవేలు గుర్తు కనిపిస్తుంది. ‘సెబీ చెక్’ అనే సదుపాయంలో యూపీఐ ఐడీ గానీ, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ గానీ కొడితే అది రిజిస్టరైన సంస్థదో కాదో చెప్పేస్తుంది. ఉచితం. ఇంత సులువైన సాధనం వచ్చాక కూడా దాన్ని వాడకుండా లక్షలు పంపితే ఆ తప్పు ఇంకెవరి మీదా వేయలేం.

డబ్బును క్రిప్టోగా మార్చి పంపమంటే, లేదా మీ ఊరికే మనిషి వచ్చి నగదు తీసుకెళ్తాడంటే, ఏ విచారణా అక్కర్లేదు. లేచి వచ్చేయండి.

7. స్క్రీన్ మీద లాభం లాభం కాదు

మెటాట్రేడర్ అనే సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతా వాడతారు. మెటాకోట్స్ అనే కంపెనీ తయారు చేసింది. ‘ప్లేస్టోర్‌లో ఉంది కదా సార్, దొంగదైతే ఎందుకు పెడతారు’ అని అడుగుతారు. సాఫ్ట్‌వేర్ అసలుదే, దాని వెనక బ్రోకరు సర్వరు ఎవరిదన్నది వేరే సంగతి. పత్తి కొనేచోట ఎలక్ట్రానిక్ కాటా మంచి కంపెనీదే కావచ్చు, దాన్ని ముందే తిప్పి పెట్టినవాడు పక్కనే కూర్చుని ఉంటే క్వింటాలుకు ఎంత తరుగు పోయిందో రైతుకు తెలుస్తుందా? సర్వరు వాడి చేతిలో ఉంటే తెర మీద అంకె వాడు రాసిందే. 2022 సెప్టెంబరులో యాపిల్ కంపెనీ తన స్టోర్ నుంచి ఈ యాప్‌లను తీసేసి, 2023 మార్చిలో మళ్లీ పెట్టింది. స్టోర్‌లో ఉండటం, లేకపోవడం బ్రోకరు గురించి ఏమీ చెప్పదని దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

నిజమైన ట్రేడింగ్‌కు మన దేశంలో ఆనవాళ్లుంటాయి. ప్రతి లావాదేవీకి 24 గంటల్లో కాంట్రాక్ట్ నోట్ రావాలి. ఎక్స్ఛేంజీ నుంచి నేరుగా మెసేజ్, ఈమెయిల్ వస్తాయి. వాడకుండా ఉన్న డబ్బును నెలకో మూడు నెలలకో ఒకసారి బ్రోకరు మన బ్యాంకు ఖాతాకు తిప్పి పంపాలన్నది సెబీ నిబంధన. ఇవేవీ లేకుండా యాప్‌లో పచ్చ అంకెలు మాత్రమే కనిపిస్తున్నాయంటే అక్కడ ట్రేడింగే జరగడం లేదు.

డబ్బు వెనక్కి అడిగినప్పుడు అసలు రూపం బయటపడుతుంది. ‘లాభం మీద 20 శాతం ట్యాక్సు ముందు కట్టండి, అప్పుడే విడుదల చేస్తాం’ అంటారు. తర్వాత ‘ఖాతా వెరిఫికేషన్ ఫీజు’, ఆ తర్వాత ‘మనీ లాండరింగ్ క్లియరెన్స్’. మన లాభం మీద ఆదాయపు పన్ను మనమే రిటర్న్ వేసి ప్రభుత్వానికి కడతాం. బ్రోకరుకు ముందు కడితే గానీ మన డబ్బు మనకివ్వని పన్ను ఈ దేశంలో లేదు. ‘ఇంత పెట్టాం, ఇంకొంచెం పెడితే మొత్తం వస్తుందేమో’ అనే ఆశతో నగలు కుదువ పెట్టి మరీ కట్టినవాళ్లను చూశాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు.

8. నిజాయితీగల చోట కూడా ఎక్కువమంది నష్టపోతారు

ఇది చిన్న పాఠమే గానీ ఎవరూ చెప్పరు. ఐరోపా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్మా 2018లో ఇలాంటి ట్రేడింగ్ ఖాతాలను పరిశీలిస్తే, మామూలు జనం ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టాల్లోనే ఉన్నాయి. అందుకే అక్కడ అప్పు మీద చేసే ట్రేడింగ్‌కు ప్రధాన కరెన్సీ జతల్లో ముప్పై రెట్లకు మించొద్దని హద్దు పెట్టారు. మనకు లింకులు పంపేవాళ్లు ఐదు వందల రెట్లు ఇస్తామంటారు. అంటే ధర 0.2 శాతం వ్యతిరేకంగా కదిలితే పెట్టిన డబ్బంతా తుడిచిపెట్టుకుపోతుంది. మన దగ్గర షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ మీద సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో మూడేళ్లలో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని తేలింది. నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల పైమాట. అవన్నీ చట్టబద్ధమైన ఎక్స్ఛేంజీల్లో, చట్టబద్ధమైన బ్రోకర్ల దగ్గర పోయిన డబ్బులే.

9. తెలిసినవాడు చెప్పాడని నమ్మొద్దు

మన ప్రాంతంలో మోసం కొత్త మొహంతో రాదు. మేనమామ కొడుకుగా, ట్యూషన్ మాస్టారుగా, చిట్టీలు కట్టించుకునే పెద్దమనిషిగా వస్తుంది. అగ్రిగోల్డ్ గుర్తుందా? రెండు తెలుగు రాష్ట్రాలతో పాటు కర్ణాటక, ఒడిశా దాకా పాకి 32 లక్షల మంది దగ్గర సుమారు 6,400 కోట్లు వసూలు చేసింది. అందులో డిపాజిట్లు కట్టించింది ఊళ్లో ఉన్న ఏజెంట్లే. వాళ్లలో చాలామంది తమ డబ్బు కూడా అందులోనే పెట్టి, పక్కింటివాళ్లకు మొహం చూపించలేక నలిగిపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 20,000 రూపాయల లోపు డిపాజిట్ చేసినవాళ్లకు ఖజానా నుంచి డబ్బు ఇవ్వాల్సి వచ్చింది.

కాబట్టి చెప్పినవాడి మంచితనం మీద అనుమానం అక్కర్లేదు. వాడికి తెలిసినదెంత అన్నదే చూడాలి. ‘నీకు వచ్చిందా అన్నా?’ అని అడిగితే ‘వచ్చింది’ అంటాడు, నిజమే చెబుతాడు. కొత్తవాళ్లు కట్టినన్నాళ్లు పాతవాళ్లకు వస్తూనే ఉంటుంది. పైగా ఒకరిని చేరిస్తే కమీషన్ ఇస్తారంటే, వాడి ఆదాయం డాలరు మీదినుంచి కాదు, మీ జేబు నుంచే.

10. అవతల మాట్లాడేది ఎవరో మీకు తెలియదు

వాట్సాప్ గ్రూపులో రెండు వందల మంది ఉంటారు. ఉదయం లేవగానే ‘సర్ ఈ రోజు నాకు 18,000 లాభం’ అని స్క్రీన్‌షాట్లు పెడతారు. అందులో నిజమైన మనుషులు మీరూ, మీలాంటి ఇద్దరు ముగ్గురూ మాత్రమే కావచ్చు. ఫేస్‌బుక్‌లో పరిచయమై నెలల తరబడి కబుర్లు చెప్పి, చివరికి ట్రేడింగ్‌లోకి దించే అమ్మాయిల ఖాతాల వెనక ఎవరుంటారో 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన తెలుగు కుర్రాళ్లనే కంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి ఈ మోసాలు చేయించారు. తిరిగొచ్చిన పిల్లలు చెప్పిన సంగతులు వింటే కడుపు తరుక్కుపోతుంది. ఫోన్‌కు ఈ చివర మన ఇంటి డబ్బు, ఆ చివర మన ఇంటి బిడ్డ. ఈ మధ్య ఊళ్లో ఎవరైనా ‘థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగం, ఖర్చంతా కంపెనీదే’ అంటే కూడా అదే జాగ్రత్త పడండి.

11. నిజంగా డాలర్లు కావాల్సి వస్తే

పిల్ల అమెరికాలో చదువుకు వెళ్తోంది, ఫీజు కట్టాలి. అబ్బాయి గల్ఫ్ నుంచి పంపిన డబ్బు తీసుకోవాలి. దీనికి బ్రోకరు పనేమీ లేదు. అధికారం ఉన్న బ్యాంకు శాఖకు పాన్ కార్డు, కాలేజీ పంపిన ఫీజు లేఖ పట్టుకెళ్తే, ఏ2 ఫారం నింపించి వాళ్లే పంపుతారు. రేటు నచ్చకపోతే ఇంకో బ్యాంకులో అడిగి పోల్చుకోండి. రిజర్వు బ్యాంకు చొరవతో 2019 ఆగస్టులో ఎఫ్ఎక్స్-రిటైల్ అనే వేదిక కూడా వచ్చింది, బ్యాంకు ద్వారా అందులో నమోదు కావచ్చు. నగదు మార్చుకోవాలంటే రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్ దగ్గరికే వెళ్లి రసీదు తీసుకోండి.

12. పోయిందని తెలిసిన మరుక్షణం

ఇంట్లో ఒకరికొకరు దాచుకోవద్దు. సిగ్గుపడుతూ కూర్చున్న ప్రతి గంటా డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు జారిపోతుంది. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. లావాదేవీ నంబరు, తేదీ, మీ ఖాతా వివరం దగ్గర పెట్టుకుని చెప్పండి. డబ్బు ఇంకా ఏదైనా బ్యాంకులోనే ఉంటే దాన్ని అక్కడే ఆపే అవకాశం ఉంటుంది. తర్వాత జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయించండి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. గ్రూపు నుంచి బయటికి రాకముందే మెసేజ్‌లు, క్యూఆర్ కోడ్‌లు, వాళ్ల నంబర్లు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి దాచండి. అనుమతి లేని కంపెనీ జనం దగ్గర డబ్బు వసూలు చేస్తోందని తెలిస్తే రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో చెప్పొచ్చు. రిజిస్టరైన బ్రోకరు మీద ఫిర్యాదైతే సెబీ ‘స్కోర్స్’లో చేయాలి. ‘మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం, ఫీజు కట్టండి’ అంటూ కొన్నాళ్ల తర్వాత ఫోన్ చేసేవాళ్లు కూడా ఆ ముఠాలో వాళ్లే అయి ఉంటారు.

మండలంలోని టీచర్లకు, బ్యాంకు మిత్రలకు, మిల్లు యూనియన్ వాళ్లకు, సర్పంచులకు నాది ఒక విన్నపం. పత్తి డబ్బులు చేతికొచ్చే రోజుల్లో, రిటైర్మెంట్ సన్మాన సభల్లో ఐదు నిమిషాలు దీనికి కేటాయించండి. ‘సెబీ చెక్’ ఎలా వాడాలో ఒకరి ఫోన్‌లో చేసి అందరికీ చూపించండి. 1930 నంబరును అక్కడికక్కడే అందరి ఫోన్లలో సేవ్ చేయించండి.